మునిగిన ఊరికి పటం గీయడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊరి చరిత్రలను ఊరివాళ్లే ఎందుకు రాసుకోవాలన్న విషయం మీద క్రితం సంచికలో వచ్చిన చిన్న వ్యాసానికి స్పందనగా పాఠకులు చాలా ఉత్తరాలు పంపారు. వాటిలో ఆరింటిని కుదించి, రాసినవారి పేర్లు లేకుండా ఇక్కడ ఇస్తున్నాము. అన్నింటికీ ఒకే కొలతలో జవాబు చెప్పడం సాధ్యం కాలేదు. మొదటి ఉత్తరం ఎక్కువ చోటు అడిగింది కనుక దానికే ఎక్కువ చోటు ఇచ్చాము.

*

ప్రశ్న: మా ఊరు 1981లో శ్రీశైలం జలాశయం ముంపులో పోయింది. అప్పటికి నాకు పదిహేడేళ్లు. ఆత్మకూరు, నందికొట్కూరు, కర్నూలు, హైదరాబాదు అంటూ ఊరివాళ్లం తలొక దిక్కుకు వెళ్లిపోయాము. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు వెళ్తే గుడి గోడలు, ఒక బావి ఒర కనిపిస్తాయి. ఊరి చరిత్ర రాయాలని ఉంది కానీ నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల జిల్లా)

జవాబు: మాస్టారూ, చరిత్ర రాయడం అన్న మాటను కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు ఊరి పటం గీయండి. పెద్ద చార్టు కాగితం మీద మీకు గుర్తున్నంత వరకు వీధులు, గేరీలు, గవిని, రచ్చబండ, పీర్ల చావిడి, బందెలదొడ్డి, కళ్లాలు, శ్మశానం, ఏటికి దిగే దారి వేయండి. ఆ పటాన్ని మాత్రం ఎవరికీ చూపించవద్దు. మరొక ఖాళీ కాగితం పట్టుకొని మీ ఈడువాళ్ల దగ్గరికీ, మీకంటే పెద్దవాళ్ల దగ్గరికీ వెళ్లి, ఎవరి పటం వాళ్ల చేత గీయించండి. గీయడం రానివారు చెబుతుంటే మీరు గీయవచ్చు. నీళ్లు మోసిన ఆడవాళ్లు గీసిన ఊరిలో బావులు, చేదలు, దారిలో కూర్చునే అరుగులు ఉంటాయి. గొర్రెలు కాసినవారి ఊరు ఇళ్ల దగ్గర ఆగకుండా బీళ్లూ గుట్టలూ వాగులూ పట్టుకొని పోతుంది. దళితవాడలో పుట్టినవారి పటంలో, మీ పటంలో మీరు వేయడం మరచిపోయిన దారి ఒకటి తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే ఊరి నడి వీధిలో నడవడానికి వీలులేని రోజుల్లో వాళ్లు చుట్టూ తిరిగి వెళ్లిన దారి అది. ఇలా పది పటాలు చేరాక వాటన్నింటినీ కలిపి ఒకే పటంగా మార్చాలన్న ఆశ పుడుతుంది. కలిపి వేసుకోండి కానీ, ఆ పదింటినీ మాత్రం ఎవరు, ఏ తేదీన, ఎక్కడ కూర్చుని గీశారో వెనుక రాసి భద్రపరచండి. ఒకే ఊరిని పది మంది పది రకాలుగా గుర్తుపెట్టుకున్నారన్న సంగతే మీ ఊరి చరిత్రలో ముఖ్యమైన భాగం.

పొలాల పేర్లను వదలవద్దు. సర్వే నంబర్లు సర్కారు దగ్గర ఉంటాయి. "దిన్నెచేను", "మామిళ్లకుంట మడి", "దొంగలబండ" లాంటి పేర్లు మాత్రం దున్నినవారి నోటిలోనే ఉంటాయి, వాళ్లతోనే పోతాయి. ఒక్కొక్క పేరు వెనుక ఎండిపోయిన చెరువో, తెగిపోయిన దారో, ఎవరూ పండించని ఒక పాత పంటో ఉంటుంది.

మీ దగ్గర కాగితం లేదన్నారు. మీ ఊరి గురించి కాగితాలు లేవని దాని అర్థం కాదు. నిజానికి మునిగిన ఊరికి ఉన్నన్ని కాగితాలు మునగని ఊరికి ఉండవు. భూసేకరణ చేసేటప్పుడు నష్టపరిహారం లెక్క కట్టడానికి అధికారులు పొలాలతో పాటు ఇళ్లు, బావులు, చెట్లు కూడా లెక్కించి విలువ కట్టవలసి వచ్చింది. పరిహారం ఖరారు చేసిన ఆ అవార్డు ఉత్తర్వుల నకళ్లలో ఏ ఇంటికి మట్టి గోడలు, ఏ ఇంటికి రాతి గోడలు, ఏ దొడ్డిలో ఎన్ని చింతచెట్లు అన్న వివరం దొరికే అవకాశం ఉంది. పరిహారం చాలదని కోర్టుకు వెళ్లిన కుటుంబాల ఇళ్లల్లో ఆ నకళ్లు ఇప్పటికీ పెట్టెల అడుగున ఉంటాయి. 98వ జీవో కింద నిర్వాసితుల ఉద్యోగాల కోసం పెట్టుకున్న దరఖాస్తులు, వాటికి జతచేసిన ధ్రువపత్రాలు, ఏళ్ల తరబడి చేసిన ధర్నాల కరపత్రాలు కూడా అడిగి చూడండి. ఇవికాక, పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరు (శిస్తు తిరిగి నిర్ణయించినప్పటి భూముల పుస్తకం), గ్రామ పటం, ఇనాముల (మాన్యం భూముల) ఫెయిర్ రిజిస్టరు సర్వే, రెవెన్యూ శాఖల రికార్డు గదులలో వెతకవలసినవి. ఇనాము రిజిస్టరులో 19వ శతాబ్దపు మీ ఊరి పూజారి, మంగలి, చాకలి, నీరుగట్టు మాన్యాల వివరాలు కనిపించవచ్చు.

ముంపు ప్రాంతం చరిత్ర అనగానే అందరూ గుళ్ల గురించి మాట్లాడతారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపురానికి తరలించి తిరిగి కట్టిన సంగతి మనకు గర్వకారణమే. మీ జిల్లాలోని సప్తనదీ సంగమేశ్వరం నీరు తగ్గి బయటపడినప్పుడల్లా పత్రికలలో ఫోటోలు వస్తాయి. గుడికి దక్కిన ఆ శ్రద్ధ పక్కనే ఉన్న కుమ్మరి ఆవానికి దక్కలేదు. ఈసారి నీళ్లు తగ్గినప్పుడు వెళితే, గుడి గోడల ఫోటోలు తీసే ముందు, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లి, వాళ్లు నడుస్తూ చూపిస్తూ చెప్పే మాటలను ఫోనులో రికార్డు చేయండి. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే "అంతా మరచిపోయినాం నాయనా" అనే మనిషికి, కాలి కింద సొంత గడప రాయి తగిలితే మాటలు వాటంతట అవే వస్తాయి. బురద ఎండని చోట్లకు మాత్రం తీసుకువెళ్లవద్దు.

ఊరు చెదిరినా ఊరి దేవర చెదరదంటారు. మీవాళ్లు ఏ ఊరి దేవరకో, ఏ పెళ్లికో ఇప్పటికీ ఒకచోట చేరుతూనే ఉంటారు. ఆ రోజున పటాలను గోడకు అతికించి, పక్కన ఒక పెన్సిలు కట్టి ఉంచండి. తప్పులు దిద్దడానికి వచ్చే జనాన్ని చూసి మీరే ఆశ్చర్యపోతారు.

*

ప్రశ్న: ప్రతి ఊరికీ "కైఫియత్తు" ఉంటుందని మా అధ్యాపకులు చెప్పారు. అందులో ఉన్నదంతా నిజమేనా? మా ఊరిది ఎలా దొరుకుతుంది? (డిగ్రీ విద్యార్థిని, పల్నాడు జిల్లా)

జవాబు: ప్రతి ఊరికీ లేదమ్మా, చాలా ఊళ్లకు ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ 1800 తరువాతి రెండు దశాబ్దాలలో ఊరూరి వృత్తాంతాలను సేకరింపజేశాడు. ఆ పనిని నిజంగా నడిపినవారు మన ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించగా, తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ భారాన్ని ఎత్తుకున్నాడు. వారి మనుషులు ఊళ్లకు వెళ్లి, కరణాల దగ్గరున్న దండకవిలెలు (గ్రామ లెక్కల పాత పుస్తకాలు) చూసి, శాసనాలకు నకళ్లు తీసి, పెద్దలను అడిగి రాయించుకున్నవే కైఫియత్తులు. మెకంజీ 1821లో మరణించాక ఆ కాగితాలు శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ సొంత శ్రద్ధతో తిరిగి ప్రతులు రాయించాడు. వాటినే ఇప్పుడు లోకల్ రికార్డులు అంటున్నాము. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలోనూ పరిశోధకులు వీటిని చూస్తూ వస్తున్నారు. గుంటూరు, కడప జిల్లాల కైఫియత్తులు కొన్ని సంపుటాలుగా అచ్చయ్యాయి కనుక మీరు ముందు అచ్చు పుస్తకంతోనే ప్రారంభించవచ్చు. ఊరి పేరు ఇప్పటి పలుకుబడిలో ఉండకపోవచ్చు. చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, పాత పరగణా పేరు కూడా దగ్గర పెట్టుకొని వెతకండి.

అందులో ఉన్నదంతా నిజమా అంటే, ఎవరు చెప్పారన్నది చూడాలి. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు వరుసగా చదివితే గోపరాజు రామన్న అనే ప్రధాని నియోగులకు గ్రామ కరిణీకాలు ఇప్పించిన కథ ఊరి తరువాత ఊరిలో కనిపిస్తుంది. ఆ కథ అన్నిసార్లు రావడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు. వృత్తాంతం చెప్పినవారు కరణాలు, వారికి తమ మిరాసీ (వంశపారంపర్య) హక్కు ఎంత పాతదో కంపెనీ దొరల ముందు నిరూపించుకోవలసిన అవసరం ఉంది. అంతమాత్రాన కైఫియత్తును అబద్ధాల పుట్ట అని తోసివేయకూడదు. చెరువులు ఎవరు తవ్వించారు, ఏ కరువులో ఊరు పాడుపడింది, ఎవరు వచ్చి మళ్లీ నిలబెట్టారు అన్న విషయాలకు అంతకంటే మంచి ఆధారం చాలా ఊళ్లకు లేదు. మీరు చేయవలసిన పని మరొకటి ఉంది. ఆనాడు కరణం దగ్గర కూర్చున్నవారు అడగని మనుషులను ఈనాడు మీరు అడగండి. రెండు వందల ఏళ్లు ఆలస్యమైనా, ఊరి కైఫియత్తుకు రెండో భాగం అదే అవుతుంది.

*

ప్రశ్న: మా నాయనమ్మకు తొంభై రెండేళ్లు. బతుకమ్మ పండుగ వెళ్లిన రెండో నాడు రజాకార్లు మా ఊరి మీద పడ్డారని చెబుతుంది. మా పెదనాయన మాత్రం అది పోలీసు యాక్షన్‌కు నెల ముందు జరిగిందంటాడు. ఎవరి మాట రాయాలి? ఆమె కొందరి పేర్లు కూడా చెబుతుంది. వారి మనుమలు ఇప్పటికీ మా ఊరిలోనే ఉన్నారు. (ప్రైవేటు ఉద్యోగి, సూర్యాపేట జిల్లా)

జవాబు: ఇద్దరి మాటా రాయాలి. నాయనమ్మ మాట నాయనమ్మదిగా, పెదనాయన మాట పెదనాయనదిగా, చెప్పిన తేదీతో సహా రాయాలి. ఆ తరువాత మీ సొంత విచారణ వేరే పుటలో ఉండాలి. ఇంట్లో గొడవ రాకుండా ఇద్దరి మాటలనూ కలిపి మధ్యస్థంగా ఒక తేదీ రాసుకోవడం మన వాళ్లకు అలవాటు. దానివల్ల ఇద్దరి సాక్ష్యమూ పోతుంది.

విచారణ ఎలా సాగుతుందో చూపిస్తాను. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరు 13న మొదలై 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. ఆ ఏడు బతుకమ్మ మొదలయ్యే భాద్రపద అమావాస్య అక్టోబరు 2న వచ్చింది కనుక, బతుకమ్మ ఆడే నాటికే రజాకార్ల కథ ముగిసింది. అందువల్ల నాయనమ్మ చెప్పే బతుకమ్మ 1948ది కాదు. అంతకు ముందటి ఏడు, అంటే 1947లో, అధిక శ్రావణం వచ్చినందువల్ల ఆ అమావాస్య అక్టోబరు 14కు జరిగింది. ఆమె జ్ఞాపకం 1947 అక్టోబరు నాటిదీ, పెదనాయన జ్ఞాపకం 1948 ఆగస్టు నాటిదీ అయి, రెండు వేర్వేరు దాడులు ఇంట్లో కాలక్రమేణా ఒకే కథగా కలిసిపోయి ఉండవచ్చు. అప్పుడు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పొరుగూరి ముసలివారిని అడిగితే విషయం తేలవచ్చు, తేలకపోనూ వచ్చు.

పాతకాలం మనుషులు తేదీలు చెప్పరు, పండుగలూ పంటలూ చెబుతారు. "సజ్జలు కోసే యాళ్లకు" అన్న మాటను నవంబరు అని మార్చి రాయకండి. మాటను ఉన్నదున్నట్లు ఉంచి, మీ అంచనా పక్కన వేయండి. సంవత్సరాల పేర్లకు అరవై ఏళ్ల చక్రం ఉంటుందని మరువకండి. "ధాత కరువు" అంటే 1876–77 నాటిది, "నందన కరువు" అంటే గుంటూరు సీమను ఊడ్చిన 1832–33 నాటిది. అవే పేర్లు గల సంవత్సరాలు మళ్లీ మళ్లీ వచ్చాయి కనుక మనిషి వయసుతో సరిచూసుకోవాలి. కాగితాల మీద ఫసలీ లెక్క కనిపిస్తే దానికి 590 కలపండి, ఫసలీ 1346 అంటే 1936–37 అవుతుంది. అయితే మద్రాసు రాష్ట్రంలో ఫసలీ జూలైలో మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరులో ఆజర్ నెలతో మొదలయ్యేది. ఈ తేడా తెలియక ఒక ఏడు ముందుకో వెనక్కో జరిపి రాసినవారిని చాలా మందిని చూశాము.

పేర్ల సంగతి దీనికంటే బరువైనది. నాయనమ్మ చెప్పిన పేర్లను రికార్డులో తుడిచివేయకండి, అచ్చులో మాత్రం ఇప్పుడే వేయకండి. రికార్డు చేసిన భాగాన్ని కవరులో పెట్టి, ఏ ఏడు వరకు తెరవకూడదో ఆమె చేతనే చెప్పించి రాసి ఉంచవచ్చు. అభిలేఖాగారాలు ఇటువంటి గడువులు పాటించడం కొత్తేమీ కాదు. 1948 ఆగస్టు 27న రజాకార్లు జరిపిన బైరాన్‌పల్లి మారణకాండ మీద ఇన్ని కథనాలు వచ్చినా, చనిపోయినవారి సంఖ్య నేటికీ ఒక్కొక్కరి కథనంలో ఒక్కో రకంగా ఉంది. ఆ మరుసటి ఏడే ఎవరైనా ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసి ఉంటే ఇంత వ్యత్యాసం ఉండేది కాదని అనిపిస్తుంది.

మీ నాయనమ్మ మాటను ఎందుకు అంత పట్టుగా రాయమంటున్నానంటే, తెలంగాణ సాయుధ పోరాటం ముగిసిన మూడు దశాబ్దాలకు స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి పట్టుకొని మాట్లాడించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా ప్రచురించేదాకా, ఆ స్త్రీల అనుభవానికి అంతకుముందు వచ్చిన చరిత్రలలో తగిన చోటు దక్కలేదు. ఉద్యమం గురించి అందరూ రాశారు, ఉద్యమంలో అన్నం ఎవరు వండారు, పసిబిడ్డలను ఎవరికి అప్పగించి అడవికి వెళ్లారు అని అడిగినవారు అరుదు. మీరు కూడా రజాకార్ల దగ్గర ఆగిపోకుండా, ఆ రాత్రి ఏం వండుకున్నారు, ధాన్యం ఎక్కడ దాచారు, ఎవరి ఇంట్లో తలదాచుకున్నారు అని అడగండి. ఆమె అలసిపోతే ఆపండి. నలభై నిమిషాలకు మించి ఒక్క విడతలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఏడిస్తే రికార్డింగు ఆపమంటారా అని అడగండి, ఆమె ఆపవద్దంటేనే కొనసాగించండి.

*

ప్రశ్న: తాతగారి ట్రంకు పెట్టెలో తాటాకు పుస్తకాలు, దస్తావేజులు, ఉత్తరాలు, ఫోటోలు ఉన్నాయి. కొన్ని తాటాకులు ఖాళీగా ఉన్నాయి, పారేయవచ్చా? కాగితాలకు ల్యామినేషన్ చేయిస్తే మంచిదా? (గృహిణి, కోనసీమ జిల్లా)

జవాబు: రెండూ వద్దు తల్లీ. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలలో మసి రుద్దితేనే అవి నల్లగా కనిపిస్తాయి. మసి పూయనివి, పూసింది పోయినవి మొదటి చూపుకు ఖాళీ ఆకుల్లాగే ఉంటాయి. ఆకును ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూడండి, గీతలు కనిపిస్తాయి. కట్టలో ఆకుల వరుస మార్చవద్దు. చివరి ఆకును ప్రత్యేకంగా చూడండి, రాయసగాడు తన పేరూ సంవత్సరం పేరూ తిథీ వేసేది సాధారణంగా అక్కడే. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం వరకు మీరు చేయవచ్చు. నిమ్మగడ్డి నూనె పూయడం, మసి రుద్దడం వంటివి చేయి తిరిగినవారికి వదిలివేయండి. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధనాలయం వంటి సంస్థలను అడిగితే దారి చూపుతారు.

ల్యామినేషన్ చేయిస్తే వేడికి ప్లాస్టిక్ కాగితంలో కలిసిపోతుంది, తరువాత ఎవరూ విడదీయలేరు. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపు మరకగా మారి అక్షరాన్ని తినేస్తుంది. గుండుసూదులు, స్టేపులు తుప్పు పట్టేలోగా తీసివేయండి. గంజి లేకుండా ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, వస కొమ్ములు పక్కన వేసి, నేలకు ఆనకుండా పీట మీద పెట్టె ఉంచితే మన వాతావరణానికి చాలు. గోదావరి గట్టు దగ్గర ఇల్లయితే పెట్టెను అటక మీదకు ఎక్కించండి. ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో మాత్రమే రాయండి, అదీ ఈ వారమే రాయండి. "ఎడమ నుంచి మూడో ఆయన ఎవరు" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఒక్కరే మిగిలి ఉంటారు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మమ్మ దంపుళ్ల పాటలు పాడగా 1980లలో ఒక క్యాసెట్టులో పట్టాను. దాని మీద పేరు రాయలేదు. రెండేళ్ల తరువాత అదే క్యాసెట్టు మీద నేనే క్రికెట్ వ్యాఖ్యానం రికార్డు చేసుకున్నాను. చివరిలో అర నిమిషం పాట మిగిలింది. ఫోనులో తీసిన ప్రతి ఫైలుకూ ఏడు, నెల, తేదీ, ఊరు, మనిషి అన్న వరుసలో ఆ రోజే పేరు పెట్టమని నేను అందరినీ విసిగించడానికి కారణం అదే.

*

ప్రశ్న: మా ముత్తాత "రంగం" వెళ్లాడని, మా తాత అక్కడే పుట్టాడని, 1942లో నడిచి వచ్చారని చెప్పుకుంటాము. ఇంట్లో ఒక బర్మా టేకు పెట్టె తప్ప ఏమీ లేదు. ఇటువంటి కుటుంబాల చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? (బ్యాంకు ఉద్యోగిని, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: మన ఉత్తరాంధ్రలో రంగూన్‌ను రంగం అన్నారు. రంగం వెళ్లిన మనిషి లేని పాత ఊరు తీరం వెంట అరుదు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి స్టీమర్లు ఎక్కి వెళ్లిన తెలుగు కూలీలు రంగూన్ ఓడరేవులో, బియ్యం మిల్లులలో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ వారిని కోరంగీలు అన్నారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె దగ్గర మొదలైన అల్లర్లలో తెలుగువారు చాలా మంది చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలాది మంది అరకాన్ దారినీ, మణిపూర్, అస్సాం కొండదారులనూ పట్టుకొని నడిచారు. మిగిలినవారిలో ఎంతో మంది 1962 తరువాత సైనిక ప్రభుత్వం దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు ఓడలలో తిరిగి వచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల పేరు మీద ఏర్పడినదే.

అందువల్ల మీ కుటుంబం ఏ తిరుగు ప్రయాణంలో వచ్చిందన్నది ముందు తేల్చుకోండి. 1942లో నడిచి వచ్చినవారి దగ్గర కాగితాలు ఉండవు, దారి జ్ఞాపకాలు ఉంటాయి: ఏ నది దాటారు, దారిలో ఎవరిని కోల్పోయారు, శరణార్థి శిబిరంలో ఏం పెట్టారు, ఏ స్టేషనులో రైలు ఎక్కించారు. 1960లలో వచ్చినవారి దగ్గర గుర్తింపు పత్రాలు, పునరావాస రుణాల కాగితాలు ఉండే అవకాశం ఎక్కువ. టేకు పెట్టెను ఖాళీ వస్తువుగా చూడవద్దు. దాని మూత లోపల సుద్దతోనో, రంగుతోనో రాసిన పేరు, రేవు పేరు ఉందేమో చూడండి. ఇంట్లో ఏ వంటకు బర్మా పేరు ఉందో, ఏ తిట్టు తెలుగు కాదో కూడా రాసుకోండి. ఖౌస్వే (బర్మా నూడుల్స్ వంటకం) వండే ముసలమ్మ ఒక్కరు దొరికినా మీకు సగం కథ వస్తుంది.

పాఠకులలో మారిషస్ వెళ్లిన పూర్వీకులను వెతుకుతున్నవారు ఎవరైనా ఉంటే, వారి పని ఇంతకంటే సులభం. ఒప్పంద కూలీల పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా రాసుకున్న రిజిస్టర్లు అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. తెల్లదొరల గుమాస్తా చెవికి వినిపించినట్లు రాసిన తెలుగు పేర్లను గుర్తుపట్టడమే అందులో కష్టం.

*

ప్రశ్న: మా కులంలో చదువుకున్నవారు నిన్న మొన్నటి వరకు లేరు. కరణం కాగితాల్లో మేము లేము. మాకు చరిత్ర ఎక్కడి నుంచి వస్తుంది? రాసినవన్నీ చివరకు ఎక్కడ పెట్టాలి? (పంచాయతీ వార్డు సభ్యుడు, సిద్దిపేట జిల్లా)

జవాబు: మీ జిల్లాలోనే చేర్యాల ఉంది. అక్కడి నకాషీలు మూరల కొద్దీ గుడ్డ మీద బొమ్మలు వేసి ఇచ్చిన పటాలను ఎవరు వాడేవారో గుర్తు చేసుకోండి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు కొయ్యబొమ్మలు ఆడించే మందెచ్చులవారు కులపురాణాలు చెప్పేవారు. వారికి మిరాసీ ఊళ్లు ఉండేవి. ఏ ఊరిలో ఏ ఇంటి పేరువారు ఉన్నారో, ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరికి ఎవరు దాయాదులో వారికి నోటికి వచ్చు. చదువులేని కులాలకు అభిలేఖాగారం లేదనడం తప్పు. ఆ అభిలేఖాగారం కాళ్ల మీద నడిచి ఏటేటా మీ ఇంటికే వచ్చి వెళ్లేది. మనం త్యాగం (కథ చెప్పినందుకు ఇచ్చే కానుక) ఇవ్వడం మానేశాక అది రావడం మానేసింది. మీ కులానికి చెప్పేవారి కుటుంబం ఏ ఊరిలో ఉందో పెద్దలను అడిగి తెలుసుకొని, పిలిపించి, పూర్తి కథ చెప్పించండి. అయిదు రాత్రులు పట్టే కథను అరగంటలో ముగించమని అడగవద్దు, ఇవ్వవలసిన కట్నం తగ్గించవద్దు. రికార్డు చేసిన ప్రతి వారికీ చేరాలి, ఎందుకంటే ఆ కథ వారి సొత్తు కూడా.

ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం కొంత మొండిది. అసలు కాగితం ఎవరి ఇంటిదో ఆ ఇంట్లోనే ఉండనివ్వండి, నకలు మాత్రం తీసుకోండి. పేరున్న సంస్థకు ఇచ్చేస్తే భద్రమని ఊళ్ల నుంచి మూటలు మూటలుగా పట్టుకుపోయాక, ఆ ఊరివాళ్లు తమ కాగితం చూడడానికి నగరానికి వెళ్లి అనుమతి కోసం నిలబడవలసి వచ్చిన ఉదాహరణలు మాకు తెలుసు. చూసుకునే దిక్కు లేని ఇల్లయితే వేరే మాట. అప్పుడు ఊరికి దగ్గరగా ఉన్న, తలుపులు రోజూ తెరిచే గ్రంథాలయానికి రసీదు తీసుకొని ఇవ్వండి. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో ఊరి యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం ఈనాటికీ పాత పత్రికల కోసం రాష్ట్రం నలుమూలల నుంచి పరిశోధకులను రప్పించుకుంటున్నది. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచి, హనుమకొండలోని రాజరాజనరేంద్ర భాషా నిలయం 1904 నుంచి నిలిచి ఉన్నాయి. వీటిని నిలబెట్టినవారు ప్రభుత్వాలు కావు, చందాలు పోగుచేసిన మామూలు మనుషులు.

నకళ్లను మూడు చోట్ల ఉంచండి. ఒకటి ఊరిలో, ఒకటి మీ బంధువులున్న వేరే పట్టణంలో, ఒకటి ఇంటర్నెట్టులో. ఎవరి అభ్యంతరమూ లేనివాటిని తెలుగు వికీసోర్సు, వికీమీడియా కామన్స్ వంటి చోట్ల పెట్టవచ్చు. ఉత్తరాల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఉత్తరం కాగితం అందుకున్నవారిదైనా, అందులోని రచన మీద హక్కు రాసినవారిదీ, వారు పోయిన 60 ఏళ్ల వరకు వారి వారసులదీ. అడిగి, రాతలో అనుమతి తీసుకొని పెట్టండి. మాట చెప్పినవారి దగ్గర కూడా అనుమతి పత్రం తీసుకోవాలి. సంతకం రానివారయితే రికార్డింగు మొదట్లోనే "నా పేరు ఇది, ఈ మాటలు ఊరి పుస్తకంలో వేసుకోవచ్చు" అని వారి గొంతులోనే చెప్పించండి. మీరు వార్డు సభ్యులు కనుక మరొక పని చేయగలరు. పంచాయతీ కార్యాలయంలో పాత తీర్మానాల పుస్తకాలు, జనన మరణాల రిజిస్టర్లు ఏ గదిలో ఉన్నాయో ఈ నెలలో ఒకసారి తాళం తీయించి చూడండి. రంగులు వేయించే ముందు, పాత సామాను వేలం వేసే ముందు మరీ ముఖ్యంగా చూడండి.